తండ్రి పేరు గడి

రాజుగారి వైపు సులువు.
పదహారు గడులు గీస్తే తొమ్మిది పేర్లే సరిపోయాయి.
అన్నదమ్ముల బిడ్డల్నే చేసుకుని చేసుకుని
కొమ్మలు తిరిగి మొదట్లోకే దూరాయి.
ముందుకు పొడుచుకొచ్చిన ఆ గడ్డం ఒక్కటే
తరాల పొడుగునా, బంగారు చట్రాల్లో.

పెళ్లికి ఆరు వారాలుందనగా
కాబోయే రాణి ఎల్లిసిఫ్ వంశవృక్షం
గీసుకు రమ్మని నన్ను పంపారు,
ఉత్తరాన స్కార్వ దీవికి.
సంచిలో దూడతోలు, బంగారు రేకు, కుంచెలు.
చెట్టెలా ఉండాలో నలభయ్యేళ్లుగా తెలిసిన చెయ్యి.

ఆ దీవిలో చెట్లు లేవు.
గాలికి ఒకే వైపు పడుకున్న గడ్డి, కంకర,
దండేల మీద తలల్లేని చేపలు.

పాస్టరు తెచ్చిన చర్చి పుస్తకానికి
చేపనూనె వాసన. అక్కడి దీపాలూ దాంతోనే.
హల్వార్, పడవ తిరగబడి.
హల్వార్ తమ్ముడు, అదే పడవ.
ఆస్లౌగ్, ఉప్పు కూలి, తొమ్మిది కాన్పులు.
ఆమె తల్లి గున్‌వోర్, చేపలు చీరే మనిషి.
సంతకం చోట కత్తిగాటు లాంటి గీత.
బిడ్డ తండ్రి పేరు గడిలో మాత్రం
కలం ఆనించి, అడిగి, ఆగిపోయిన
ఎప్పటిదో ఒక సిరా చుక్క.

బారన్ లిండెక్రోన్ నుంచి తంతి:
"ఆ గడికి నావికాధికారిని ఎవరినైనా చూడండి.
పోయినవాడైతే మేలు."

చూడగలను. ఇదివరకు ఒక డ్యూక్‌కి
రెండు సీసాల వైన్‌కే ముత్తాతను పుట్టించాను.

ఆ రాత్రి ఎల్లిసిఫ్ పెద్దమ్మ ఇంట్లో
పొయ్యి పక్కన సిరా నూరుతున్నాను.
"ఎవరని అడిగారట," అందావిడ, వల అల్లుతూనే.
"పాస్టరు అడిగాడు, అధికారి అడిగాడు,
కన్నతల్లి కూడా అడిగిందట.
'నాకు తెలుసు, చాలదా?' అందట గున్‌వోర్."
మళ్లీ దారం పళ్లతో తెంపుకుంది.

నా సిరా గిన్నెలోకి దీపం ఒలికిందో
నేనే వంచానో, ఇప్పుడు చెప్పలేను.

పెళ్లినాడు రెండు పటాలూ పక్కపక్కన.
"ఆ గడిలో అదేమిటి?" అన్నాడు బారన్.
"మరకండీ."
"చెరిపెయ్."
"తోలు మీద చెరగదు, దొరా."

అతిథులు వెళ్లాక కొత్త రాణి
కిరీటం ఒక చేత్తో పట్టుకుని
పటం ముందుకు వంగింది.
చదువుతోందనుకున్నాను.
కళ్లు మూసుకుని
వాసన చూస్తోంది.