డాకు లేని రాయి

ఒంటి పట్టగొలుసు తెచ్చింది సరోజన.
జతది బస్సులోనే ఎక్కడో జారిందట.
"అందరి గొడుగులు, టిఫిన్ డబ్బాలు డిపోల అప్పజెప్త,
నాది మాత్రం ఎవ్వరూ ఇయ్యలే" అని నవ్వింది.
ఖాకీ జేబులోంచి, టికెట్ ముక్కలో చుట్టిన
శనగగింజంత రాయి తీసి నా పీట మీద పెట్టింది.

పాల్వంచ దిక్కు వాగు ఇసుకలో
తొమ్మిదేండ్లప్పుడు దొరికిందట.
చూస్తే చింతగింజ పెచ్చు లెక్క, నలుపు.
ట్యూబులైటుకు అడ్డం పట్టిన:
లోపల ఎవరో దీపం ముట్టించి
తలుపు దగ్గరికి వేసినట్టు ఎరుపు.

ఘాన్సీబజార్‌లో మధ్యాహ్నం కరెంటు పోయింది.
మంచిదే. మంట రంగు చీకట్లోనే తెలుస్తది.
మూసలో గొలుసు ముక్కలు, చిటికెడు వెలిగారం.
మువ్వలు ఆఖరిదాకా మువ్వలుగనే ఉండి
ఒక్కసారే ఒప్పుకున్నయి.
కరిగిన వెండి ఒక్క నిమిషం అద్దం,
అందులో నా ముక్కు, ఊదుగొట్టం, పైన దూలం.

రేకు సాగగొట్టి, గూడు చుట్టి, టంకం పెట్టి
రాయిని ఆనిస్తే వెంట్రుకవాసి ఇరుకు.
సాన మీద ఒక్క రుద్దు రుద్దితే పని అయిపోను.
చెయ్యి పోలే.
వాగు ఎన్ని తరాలు తోమి ఇంత మిగిల్చిందో,
మధ్యల నేనెవణ్ని?
గూడు తెంపి మళ్లా చుట్టిన.
చింతపండు నీళ్లలో ఉడికించి కుంకుడు నురుగుతో తోమిన.

మా నాయన ప్రతి రాయి కింద డాకు పెట్టేటోడు.
తళుకు రేకు, కొనేటోళ్ల కండ్లకు పండుగ.
నేనూ కత్తిరించి పెట్టుకున్న, సరిగ్గా గోరంత.
ఫోన్‌లో చెప్తే, వెనక హారను, చిల్లర చప్పుడు,
"వద్దన్నా" అన్నది. "నల్లగుంటే నల్లగనే ఉండనీ.
వెనక తెరిచి ఉంచు. ఒంటికి తాకాలె."

అంచు ఒత్తేటప్పుడు ఊపిరి బిగబట్టిన.
తూర్పున ఒత్తితే పడమర లేస్తది,
రాయి ఎటూ పోనంటది, ఎటూ ఉండనంటది.
మాపటి అజాన్ వరకు కూసున్నది.

తీస్కపోనీకి వచ్చి అద్దం అడగలే.
నల్లదారంతో మెడల వేసుకొని
ఖాకీ లోపలికి జార్చి, "సల్లగుంది" అన్నది.
మజూరీ అన్నీ పదుల నోట్లే,
వేలు తడిచేసి లెక్కబెట్టింది.

కత్తిరించిన డాకు ముక్క ఇంకా పీట మీదనే ఉంది.
ఫ్యాను తిరిగినప్పుడల్లా లేచి లేచి మెరుస్తది,
మీద బరువు లేదు గనక.