సీసం

పొగతోటలో మందుల షాపుల ముందు
నీళ్ళు చల్లే వేళకి
కొక్కెం మీంచి సీసం కోటు దించుకుంటా.
ఆరు కిలోలు.
పన్నెండేళ్ళుగా నా నడుముకు తెలిసిన తూకం.

ఇవాళ టేబుల్ మీద కొమారి జాలయ్య.
ఇస్కపల్లి. యాభై ఎనిమిది.
పడవ ఒడ్డుకు లాగేటప్పుడు
గుండెలో పీతలు పరిగెత్తతాయని చెప్పాడంట.
కేసు షీటులో పీతల్లేవు,
ఏ.ఎఫ్. అని రెండక్షరాలున్నాయి.

"లోపలంతా చీకటే గదమ్మా, ఎట్టా జూస్తారు?"

అడిగాడు కాబట్టి చెప్పా.

ఎక్స్‌రే ఉంది.
పెడల్ తొక్కితే ఎముకలూ, తీగలూ నల్లగా కదుల్తాయి.
గుండె మాత్రం పొగే.
తీగ ఉన్న చోటు చూసి
గోడ ఉండే చోటు ఊహించుకోవాల.

"మా నాయనా అంతే.
గట్టు మీద రెండు తాటిచెట్లు ఒక గీతలో కొస్తే
కింద రాయుందని వల ఎత్తేవాడు.
ఆ రాయిని ఆయన కళ్ళతో జూసిందే లేదు."

ఇంకోటి పటం.
తీగ కొస తాకిన చోటల్లా కంప్యూటర్ ఒక చుక్క పెట్టుకుంటుంది.
చుక్క చుక్కా కలిసి
తెర మీద ఎడమ కర్ణిక ఉబ్బుతుంది,
నాలుగు తొడిమలున్న వంకాయలాగా.
పోయిన వారం తీసిన సీటీని దాని మీద కప్పుతాం.
కప్పుతాం గానీ,
అది పోయిన వారం గుండె,
ఊపిరి బిగబట్టి ఫోటో దిగిన గుండె.

"జీపీఎస్సు!" నవ్వాడు.
"తుపాను తర్వాత మొగ జరిగిపోయింది.
డబ్బాలో నీళ్ళు,
పడవ కింద ఇసక."

మూడోది, గజ్జల్లోంచి పైకి పంపే చిన్న ప్రోబు.
శబ్దం వదిలి
తిరిగొచ్చింది వింటుంది.
గుండె ఇప్పుడెట్టుందో అట్నే చూపిస్తుంది, కానీ
ఒక్క ముక్కే, దోసకాయ కోసినట్టు.

దీనికి వెంటనే బదులు రాలా.
మత్తుసూది ఎక్కుతా ఉండంగా అన్నాడు:
"తాడుకి సీసం గుండు కట్టి దించేవాళ్ళం.
గుండు అడుగున సబ్బు పూసి.
ఇసకుంటే ఇసక, బురదుంటే బురద
అంటుకోని పైకొచ్చేది."

నేను భుజం మీద కోటు సర్దుకున్నా.

తహసీన్ మేడం పెడల్‌కు దూరంగా నిలబడింది.
ప్రోబు చూపిస్తా ఉంది:
సూది ఆనగానే గుండె నడిమి పొర
గుడారంలా సాగింది, సాగింది,
దాటింది.
మొదటి సిర చుట్టూ ఎర్రచుక్కల దండ.
రెండో దానికీ.
మూడో దాని దగ్గర జాలయ్య దగ్గాడు.

పటం ఒక పక్కకి, మనిషి ఒక పక్కకి.
మా చుక్కలు గాల్లో వేలాడుతున్నాయి.
తీగ కొస గోడకే ఆని ఉందంటుంది ప్రోబు.
గోడ దాటి పోయిందంటుంది పటం.
గదిలో ఎవరూ మాట్లాడలా,
ఏసీ తప్ప.

"ఒక్క తొక్కు," అంది మేడం.
రెండు సెకండ్లు.
ఎక్స్‌రే ప్రోబు పక్షం పలికింది.
పటాన్ని చెరిపి
మళ్ళీ మొదటి చుక్క నించి గీసుకున్నాం.

కొత్తగా చేరిన పెంచల ప్రసన్న
చేతులు కడుక్కుంటా అడిగింది,
మూడింట్లో ఏది మంచిదక్కా అని.
రిజిస్టర్ తీసి చూపించా.
ఇవాళ్టి గళ్ళో: ఎక్స్‌రే, రెండు సెకండ్లు.
వెనక పేజీల్లో నా చేతిరాతే:
నలభై రెండు నిమిషాలు. ముప్పై ఎనిమిది. యాభై ఒకటి.
ఆ పేజీల రోగులు బాగయ్యే పోయారు, చాలామంది.
మూడు నెలలకోసారి నా బ్యాడ్జి ఎటో పోయి
ఒక అంకె మోసుకొస్తుంది.
దాన్ని నేను మా అమ్మకి చూపించలా.

మంచిది ఏదో చెప్పలా.
ఆ పిల్లా మళ్ళీ అడగలా.

సాయంత్రం వార్డులో
మానిటర్ మీద జాలయ్య గుండె
తెడ్డేసినట్టు, ఒకటి తర్వాత ఒకటి.
మూడు నెలలాగితే గానీ
పీతలు పోయినట్టు కాదని చెప్పాం.
తలూపాడు, అది కాదు ఆయన ధ్యాస.

"అమ్మా, ఆ కోటులో సీసం ఎంతుంటది?"
"కోటంతా కలిపి ఆరు కిలోలు."
పైకప్పు చూస్తా వేళ్ళ మీద లెక్కేశాడు.
"పాతబడితే పారెయ్యబాకండి.
ఒక వలకి
అంచు మొత్తానికీ వచ్చుద్ది."