పాత నీళ్లు

ఇల్లు కొన్నాను గానీ పూల్‌ని నేను కొనలేదు.
పాత యజమాని వదిలేసి పోయిన కుక్కలా
పెరట్లో పడి ఉంది,
వచ్చిన రోజు నుంచీ నా మొహమే చూస్తోంది.
మేపకపోతే రెండు రోజుల్లో పచ్చబడుతుంది.
నాకా, ఈత రాదు.

ఫీనిక్స్‌లో జూలై. పొద్దున తొమ్మిదింటికే
స్టీరింగ్ మీద చెయ్యి ఆనదు.
హలపీన్యో ఊరగాయ సీసాలో పూల్ నీళ్లు పట్టుకుని
శనివారం శనివారం డారిల్ దుకాణానికి పోతాను,
బిడ్డ మూత్రం పరీక్షకి తెచ్చిన తల్లిలా.

డారిల్‌కి మాటలు తక్కువ. చుక్కలు లెక్కపెడతాడు
గులాబీ రంగు నీలం అయ్యేదాకా,
పెదాలు మాత్రం కదుపుతూ.
తరవాత షెల్ఫుల మధ్య నడిపిస్తాడు:
యాభై పౌన్ల క్లోరిన్ బకెట్, రెండు గ్యాలన్ల ఆసిడ్,
వలకి కొత్త కర్ర
(పాతది దుమ్ము తుఫానుకి లేచి పక్కింటి కప్పెక్కింది).
"ఆసిడ్‌నీ క్లోరిన్‌నీ డిక్కీలో పక్కపక్కన పెట్టకు,
దాయాదులవి" అంటాడు ప్రతిసారీ.
ప్రతిసారీ బిల్లు చూసి
నా కారు అరిగిన టైర్లు గుర్తొస్తాయి.

ఈ శనివారం చుక్కలు ఆగలేదు.
నలభై. నలభై అయిదు. నీలం రాదే.
సీసా కింద పెట్టి అన్నాడు:
"నీ నీళ్లు ముసలివైపోయాయి, డెల్ఫినా."

ఎండ తాగేది ఉత్త నీళ్లనేనట.
సున్నం, ఉప్పు, నేను పోసిన ప్రతి మందు మడ్డీ
ఇక్కడే వదిలేసి పోతుందట.
నేను పైపు పెట్టి నింపుతాను. మళ్లీ తాగుతుంది.
మళ్లీ వదుల్తుంది.
తోడి పారబోయడం తప్ప దీనికి మందు లేదు.
"ఇప్పుడే కాదు. ఈ ఎండకి ఖాళీ తొట్టి బీటలిస్తుంది.
నవంబరు దాకా ఈడ్చుకు రా."

ఈడ్చుకు రావడం నాకు డారిల్ నేర్పాలా?
వారానికి నాలుగు రోజులు డయాలసిస్ వార్డులో
నా ఉద్యోగమే అది.
కౌంటరు దగ్గరే నవ్వేశాను.
కిడ్నీల్లేని పేషెంటుని పెరట్లో పెట్టుకుని
ఇన్నాళ్లూ క్లోరిన్ పోస్తున్నాను.

మంగళవారం, మూడో కుర్చీలో సోసీ గారు.
కాయెంటా నుంచి కూతురింటికి వచ్చి ఏడాది.
రోజుకి నాలుగు కప్పులు ఆయన కోటా, సూపుతో సహా.
సూది గుచ్చుతుంటే అటు చూడరు, నన్నడుగుతారు:
"ఎన్ని గ్యాలన్లు మీ పూల్?"
పద్నాలుగు వేలు.
తెలుసాయనకి. పోయినవారం కూడా అడిగారు.
కళ్లు మూసుకుని ఆ అంకెని నోట్లో తిప్పుకుంటారు.
"ఇవాళ ఏం రంగు?"
దుమ్ము తుఫాను మర్నాడు
అది పాలు విరిగిన టీలా ఉంటే
నీలం అన్నాను.
నమ్మలేదు. కానీ ఇంకోసారి చెప్పమన్నారు.

నవంబరు. అద్దెకు తెచ్చిన పంపు
రెండు రోజులు మురుగు గొట్టంలోకి కక్కింది.
అడుగున ఎవరి పిల్లదో ఒంటి అద్దం ఈత కళ్లజోడు,
మూడు నాణేలు, ఒక హెయిర్‌పిన్ను.
గోడ చుట్టూ తెల్లటి చార,
గోటితో గీకితే గోరే అరిగింది.
మొదటిసారి లోతు చివరిదాకా నడిచాను.
మెట్లు తల కన్నా ఎత్తులో ఉన్నాయి.
చుక్క నీరు లేదు,
అయినా ఊపిరి బిగబట్టాను.

సాయంత్రం పైపు విప్పాను.
ఫోన్లో రికార్డు నొక్కి గట్టు మీద పెట్టి
లోపలికి పోయి బీన్స్ వేడిచేసుకున్నాను.

మంగళవారం సోసీ గారి చెవికి ఆనించాను.
ఆయన బుగ్గన మంచుముక్క.
మిషన్ రొదలోంచి
ఖాళీ సిమెంటు మీద పడుతున్న కొత్త నీళ్ల చప్పుడు.
"లోతు వైపు పెట్టావు పైపు," అన్నారు.
మంచు ఎప్పుడో కరిగిపోయింది.
ఆయన చాలాసేపు మింగలేదు.