తలకిందుల ఏనుగు

మధ్యకోటల ఎండ నడినెత్తికెక్కినంక
నా దోసకాయల గంపకాడికి వచ్చిందామె.
పేరు చంతూ. ఊరు నామ్‌పెన్,
కంబోడియా దేశానికి రాజధాని అని
యెంబడొచ్చిన యూనివర్సిటీ పోరడు చెప్పిండు.
రాళ్లకు వైద్యం చేస్తదట.
ఉప్పుకారం చల్లి ముక్క చేతికిస్తే
కండ్లల్ల నీళ్లు కారంగ నవ్వింది.
వాళ్లూర్ల మామిడికాయ గిట్లనే తింటరట.

నాలుగు తోరణాల నడుమ పడుకున్న రాళ్లను
పురిట్ల పిల్లను చూసినట్టు వంగి వంగి చూసింది.
ఒక సింహం దవడల వేలు పెట్టి
వాళ్ల బాసల ఏందో అడిగింది, సింహాన్నే.
మళ్ల నన్నడిగింది:
గిది కూడా రాజధానేనా?
అవు, ఒకప్పుడు.
ఇప్పుడు ఇంటిపన్ను రశీదు మీద ఒక డివిజన్ నంబరు.

రాజధాని పోయినంక మనుషులేమైండ్రు?

గీ మాట నన్నెవలూ అడుగలే.
గైడు రాజుల పేర్లు చెప్తడు,
ఎన్ని బురుజులో, మట్టికోట చుట్టుకొలతెంతో చెప్తడు.
ఆనాడు గీ దర్వాజ కాడ
దోసకాయలమ్మినామె ఎటు ఉరికిందో చెప్పడు.
తెల్వదన్న.

ఇగ ఆమె మెట్టు మీద కూసోని చెప్పింది.
వాళ్లమ్మకు పదిహేనేండ్లప్పుడు, ఎండకాలం,
సంవత్సరాది పిండివంటలు ఇంకా ఒడువలేదట.
నల్లబట్టల పోరగాండ్లు తుపాకులతోని వచ్చి
మూడొద్దులే, నడువుండ్రి అన్నరట.
ఊరు ఊరంత నడిచిందట.
దవాఖాన మంచాలు చక్రాలతోనే రోడ్డెక్కినయట.
మూడొద్దులు నాలుగేండ్లయినయి.
మళ్లొచ్చేటాల్లకు
వాళ్లింట్ల ఇంకెవలో అన్నం వండుకుంటున్నరు.
వాళ్లూ ఎక్కడనో తరిమితే వచ్చినోళ్లే.
పసుపు పువ్వుల గచ్చు అదే,
తలుపు పక్కన అమ్మ ఎత్తు కొలిచిన గీత అదే.
ఏమనలేదట. గిన్నెడు నీళ్లడిగి తాగి,
గిన్నె ఇచ్చేసి వచ్చిందట.

ఫోన్ల ఆ ఊరి ఏరును చూపెట్టింది.
వానకాలం వస్తే వచ్చిన తొవ్వనే
ఎనుకకు పారుతదట.
నీళ్లు మళ్ల మర్లినప్పుడు
పడవల పందెం, మూడు రాత్రులు పండుగ.
నీళ్లల్ల ఇడిసిన బతుకమ్మ
ఏ దిక్కు పోతదోనని
ఒడ్డుమీద నిలబడి చూసుడు యాదికొచ్చింది నాకు.

ఏమైందో తెల్వదు,
లే, మా ఇంటికి పోదామన్న.

మా మొగిలి కండ్లతోటే వద్దన్నడు.
ఎనుక గోడల మామ తండ్రి పెట్టిన రాయొకటుంది.
డిపార్టుమెంటోళ్లు చూస్తే గోడ పీకుతరని
ఏటా ఎర్రమట్టి పూస్తం,
కుడితి తొట్టి అడ్డం పెడతం.

తొట్టి జరిపిన. తడిబట్టతోని తుడిచిన.
ఏనుగు. జానెడు.
తలకిందులుగ, కాళ్లు మొగులు దిక్కు.
ముసలాయనకు చదును దిక్కే దొరికింది మరి,
ఇల్లు నిలవడాలె గద.

చంతూ ఫోటో తియ్యలే.
మెడ వంచింది, ఇంకింత వంచింది,
ఆఖర్కి గోడకు వీపు పెట్టి నడుం వంచి
కాళ్ల సందుల కెళ్లి చూసింది.
పసిపిల్లలు గట్ల చూస్తే
ఇంటికి చుట్టాలొస్తరనేది మా అత్త.
కొంగు నడుముకు చెక్కి నేనూ వంగిన.
ముప్పై రెండేండ్ల కాపురంల మొదటిసారి
ఏనుగు నిలబడ్డది.
నా దిక్కే వస్తున్నది, తొండమెత్తి,
మీద కూసున్నోని ముక్కు ఇరిగింది గని
నవ్వుతున్నడు.

ఏం తర్జుమా చెయ్యాల్నో తెల్వక
పోరడు బస్సు టైమైందన్నడు.

ఆమె నీళ్లడిగింది.
చెంబుతోని ఇచ్చిన.
నిలబడే తాగింది, సగం మెడ మీద పోసుకుంది,
రెండు చేతులతోని చెంబు ఇచ్చేసింది.

నేనింకా దర్వాజ కాడనే ఉన్న.
ఎనుక మొగిలి తొట్టి జరుపుతున్న సప్పుడు.