జలసంధి మీద ఐదు క్రెడిట్లు

పగలంతా ఫెర్రీ మీద తాళ్లు విసురుతాను.
ఇమ్జార్ నుంచి చిర్కెవ్వాకి, చిర్కెవ్వా నుంచి ఇమ్జార్‌కి,
మధ్యలో ఇరవై ఐదు నిమిషాల నీళ్లు.
వారంలో రెండు సాయంత్రాలు మాత్రం
ప్రయాణికురాలిలా అవే నీళ్లు దాటి, బస్సెక్కి,
ఇమ్సీదా కొండ మీద మూడో అంతస్తులో
డేటా కమ్యూనికేషన్స్ వింటాను.
యూనిట్ విలువ ఐదు క్రెడిట్లు.
నా వయసు నలభై మూడు.

మొదటి రోజు హాజరు వేస్తూ
"లొరెడానా రపా" అని రెండుసార్లు పిలిచారు డాక్టర్ ష్వెరెబ్.
మొదటి పిలుపు ఇంజిన్ హోరులో పోయింది.
ఆ హోరు గదిలో లేదు,
ఇరవై ఏళ్లుగా నా చెవుల్లో కాపురముంటోంది.
రెండోసారి పలికాను.
ఆయన బోర్డు వైపు తిరిగి రాశారు:
జవాబు రాకపోతే కాసేపు ఆగు. మళ్లీ పంపు.

పక్క కుర్చీ కుర్రాడు జెర్వాజ్
నా వేళ్ల కాయలు చూసి
నోట్సు నేను రాసిస్తానన్నాడు.
వద్దన్నాను.
కీబోర్డు మీద నా వేళ్లు
తడిసిన తాడులా మొరాయించే మాట నిజమే.
కానీ సందేశాన్ని ముక్కలు చేసి పంపడం
నాకొకరు నేర్పాలా?
రొట్టెల వ్యాను, టమాటా లారీ, తేనెటీగల పెట్టెలు,
వెనక సీట్లో బెల్టు పెట్టుకుని కూర్చున్న
బ్యాండు మేళం వాళ్ల పెద్ద బాకా.
ఒక పండగ మొత్తం నా డెక్కు మీద
మూడు ట్రిప్పుల్లో విడివిడిగా దాటేది.
అవతలి ఒడ్డున ఎవరో ఒకరు
దాన్ని మళ్లీ పండగగా పేర్చుకునేవాళ్లు.

రద్దీ పాఠం రోజు నవ్వాపుకోలేకపోయాను.
క్యూ నిండితే, వచ్చినవాటిని వచ్చినట్టే పారేస్తారట!
ఆగస్టు పదిహేను రాత్రి మా రేవులో
ఒక్క కారుని పారేసి చూడమనండి.

తప్పుల్ని పట్టే వారం వచ్చింది.
ఒకే మాటను రెండుసార్లు పంపితే ఏమవుతుందన్నారు.
మా ఊరి చర్చికి రెండు గడియారాలండీ, అన్నాను.
ఒకటి సరైన వేళ చూపిస్తుంది, ఒకటి చూపించదు,
ప్రార్థనవేళకి ఆత్మల్ని ఎత్తుకెళ్లడానికి వచ్చే సైతాను
తికమకపడి పోవాలని.
క్లాసు ఘొల్లుమంది. ఆయన నవ్వలేదు.
"రెండూ కలవకపోతే తప్పుందని తెలుస్తుంది.
ఏది తప్పో తెలియదు. మూడోది కావాలి."
కూర్చున్నాను.
ఆ మాటని చిర్కెవ్వా దాకా నములుతూనే ఉన్నాను.

జనవరిలో పరీక్ష.
ఆ తెల్లవారుజామునే ఈశాన్యపు గాలి లేచింది,
మేం గ్రిగాల్ అంటాం దాన్ని.
ఫెర్రీలు ఆపేశారు.
నన్ను దాటించాల్సిన పడవకి
నా చేతుల్తో నేనే తాళ్లు బిగించాను.
ప్రశ్నపత్రం తెరిచే వేళకి
రేవు క్యాంటీన్‌లో టీ చల్లారిపోతుంటే
కొమీనో కనపడని తెలుపులోకి చూస్తున్నాను.
ఫోను చేశాను. లైను బాగానే ఉంది.
సముద్రం అడుగున గాజుపోగులో
నా గొంతు రెప్పపాటులో దాటింది.
ఒళ్లు దాటలేదు.
"సెప్టెంబర్‌లో మళ్లీ," అంది ఆఫీసమ్మాయి,
వానొస్తే బట్టలు రేపు ఉతుకుదాం అన్నంత తేలిగ్గా.

సెప్టెంబర్‌లో సముద్రం నూనెలా పరుచుకుంది.
ఆఖరి ప్రశ్న తప్పుల సవరణ గురించి.
అడిగినంతా రాశాను, కింద జాగా మిగిలింది.
చెయ్యి ఊరుకోలేదు:

సార్, మా గడియారాల్లో తప్పు లేదు.
ఏది నమ్మాలో ఊళ్లో పసిపిల్లకీ తెలుసు.
దారిలో పొంచి వినేవాడికే తెలియదు.
అది ఈ పాఠం కాదు,
మీ పదకొండో వారం పాఠం,
ఇద్దరి దగ్గరే ఉండే తాళంచెవి సంగతి.

పేపరు చూపించిన రోజు
అక్కడ ఎర్ర సిరా గీత ఉంది:
"ప్రశ్న ఇది కాదు."
దాని కింద, పెన్సిలుతో, సిగ్గుపడుతున్నట్టు చిన్నగా:
"ఎడమదా, కుడిదా?"

నేనింకా జవాబు పంపలేదు.