బరకం

నిజాంపట్నం రేవులో మూడో నంబరు ఎగరేశారని
పొద్దున టీ బంకులో ఎవరో అన్నారు.
తుఫానుకి ఏదో పేరు పెట్టారట, నోరు తిరగలేదు.
మధ్యాహ్నానికల్లా బోర్డులన్నీ దించమని ఆర్డరు.

నేనూ జకరయ్యా లక్ష్మీపురం మెయిన్ రోడ్డులో
ఇనుప చట్రం మీద, నలభై అడుగుల పైన.
అక్కణ్ణుంచి చూస్తే గుంటూరులో గాలే లేదు.
ఆకాశం తోమని ఇత్తడి గంగాళం.
నగల షాపు పెళ్లికూతుర్ని
ముందు చెవి దగ్గర కోశాం, తర్వాత గడ్డం దగ్గర.
ఒంగి, జకరయ్య భుజమ్మీద పడింది.
"నెమ్మదమ్మా" అన్నాడు వాడు, నిజంగానే.

సాయంత్రం గోడౌను ముందు ఒకాయన,
మోకాళ్ల దాకా ఎండిన బురద.
పేరు కోటిలింగం. కొల్లిపర అవతల మూడెకరాల కౌలు.
మొన్నే కోయించాడు. చేనంతా పనల మీదుంది.
పట్నంబజార్లో బరకం అద్దె పొద్దున నూటయాభై,
ఇప్పుడు నాలుగొందలు, అదీ లేదు.
"పాత ఫ్లెక్సీలేమన్నా..." అని ఆగిపోయాడు.
అడగడం అలవాటు లేని మనిషి
మాట చివర మనకే వదిలేస్తాడు.

ట్రాలీ ఆటోలో పదకొండు చుట్టలు.
సెల్‌ఫోన్ల వెలుగులో పనలు మోశాం.
నాకు మోయడం రాదు,
మెడంతా నూగు, ఒళ్లంతా దురద.
ఆయన కూతురు ఉప్పు కలిపిన నీళ్లు
వరస వరసకీ చల్లుతోంది,
తడిసినా గింజ మొలకెత్తకుండా.

"బొమ్మ పైకుండాలి,
రంగు దిగితే గింజకంటుద్ది" అన్నాడు కోటిలింగం.
అట్లాగే కప్పాం.
కాలేజీ ర్యాంకులన్నీ మబ్బుకి చూపిస్తూ,
స్కానింగ్ సెంటరు, దాని పక్కన
ఆకాశం వంక దణ్ణం పెడుతూ ఎవరో నాయకుడు,
అన్నిటికన్నా పైన పెళ్లికూతురు.
తాళ్లు బిగించి, కొబ్బరి మట్టలేసి,
మట్టల మీద ఇసక బస్తాలు.

రెండు దాటింది. అప్పుడొచ్చింది గాలి,
తూర్పు నుంచి, ముందు వాసనగా.
ఉప్పు, చేప, ఎక్కడో తడిసిన మన్ను.
పెళ్లికూతురు ఒక్కసారి ఊపిరి ఎగబీల్చింది.
అందరం ఒకేసారి చేతులేశాం.

ఫోను మోగింది. మా ఆవిడ, సంగడిగుంట నుంచి.
"చినుకులు మొదలయ్యాయి.
మన రేకుల మీదకి ఒకటుంచావా?"

పదకొండు.
మళ్లీ లెక్కపెట్టాను.