జంఖానా మీద కేసు

కొత్తవాడ మగ్గం మీద
యాకూబలి నేసిన జంఖానాలో
ఎవరికో దేవుడు కనబడ్డడు.
కాళ్ల కింద పరవనేసిండట.
మనోభావాలు, సెక్షను, రిమాండు.

హన్మకొండ కోర్టుల చాయ్ పిలగాడు గూడ
నా బల్ల దిక్కు వస్తలేడు.
వకాలత్ మీద సంతకం ఆరకముందే
నా స్కూటీ సీటు కోసిండ్రు.

బోనుల రాపోలు అయిలయ్య,
రంగు దిగని గోళ్లు, సగం చెవుడు:
"ఆ పువ్వు మా తాత గీసింది సారూ.
నలభై రెండు పోగులు, లెక్కపెట్టుకోండ్రి.
తప్పైతే ముందుగాల మా తాతను పట్టుకపోండ్రి."
ఎవరో నవ్విండ్రు. జడ్జి నవ్వలే.
వాయిదా.

జంఖానా సీలేసి
మాల్‌ఖానాల పడేసిండ్రు.
ఆ పొద్దు
మగ్గం కాడికి పోతూ ఆయన విప్పిన చెప్పులు
గడప అవతల్నే ఉన్నయి
ఇంకా.